ఎవరి సంతకం చెల్లుతుంది? సముదాయ లినక్స్, వాణిజ్య డేటాబేస్‌ల పాతికేళ్ళ కథ

వాణిజ్య డేటాబేస్‌ను కొన్న సంస్థ నిజానికి రెండు సరుకులు కొంటుంది. మొదటిది ప్రోగ్రాం. రెండవది, ఆ ప్రోగ్రాం మొరాయించిన రాత్రి జవాబు చెప్పడానికి ఒకరు ఉంటారన్న హామీ. ఈ రెండవదాన్నే వృత్తిభాషలో ‘సపోర్ట్’ అంటారు. దీని ఖరీదు తక్కువేమీ కాదు. ఒరాకిల్ డేటాబేస్ విషయంలో లైసెన్సుకు చెల్లించిన మొత్తంలో 22 శాతాన్ని ఏటా సపోర్ట్ రుసుముగా కట్టాలి. అయిదేళ్ళు గడిచేసరికి ఈ రుసుము లైసెన్సు ధరను దాటిపోతుంది.

ఇంత ఖరీదైన హామీ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా చెల్లదు. అమ్మకందారు కంపెనీ ప్రకటించిన జాబితాలో ఉన్న వ్యవస్థల మీదనే చెల్లుతుంది. లినక్స్ విషయంలో ఈ నియమం ఒక విచిత్రమైన పరిస్థితిని సృష్టించింది. ఒకే మూలసంకేతం నుంచి తయారై, దాదాపు ఒకే విధంగా పనిచేసే రెండు లినక్స్ పంపిణీలలో ఒకటి జాబితాలో ఉంటుంది, రెండవది ఉండదు. జాబితాలో ఉన్నదాని వెనుక ఒక కంపెనీ, లేనిదాని వెనుక స్వచ్ఛందంగా పనిచేసే ఒక సముదాయం కనిపిస్తాయి. ఈ తేడాకు సాంకేతిక కారణాలు కొన్ని ఉన్నాయి. అయితే, అవి మాత్రమే దీన్ని పూర్తిగా వివరించలేవు. అసలు కారణం తెలియాలంటే ఈ ఏర్పాటు ఎలా రూపుదిద్దుకున్నదో మొదటినుంచీ చూడాలి.

యూనిక్స్ యంత్రాల నుంచి 1998 వరకు

1977లో లారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ కలిసి స్థాపించిన చిన్న సంస్థే తరువాతి కాలంలో ఒరాకిల్ అయింది. 1980, 90 దశకాలలో పెద్ద డేటాబేస్‌లు ఎక్కువగా సన్, హెచ్‌పీ, ఐబీఎం వంటి కంపెనీల యూనిక్స్ యంత్రాల మీద నడిచేవి. అక్కడ యంత్రాన్నీ, దాని ఆపరేటింగ్ సిస్టమ్‌నూ ఒకే కంపెనీ తయారుచేసేది. డేటాబేస్ కంపెనీ తన ఉత్పత్తిని ఆ కంపెనీ ప్రయోగశాలలో పరీక్షించేది. లోపం బయటపడినప్పుడు ఎవరు ఎవరికి ఫోను చేయాలన్న విషయంలో సందేహానికి తావుండేది కాదు. రెండు కంపెనీలు, రెండు సంతకాలు, మధ్యలో ఒక వినియోగదారు. సర్టిఫికేషన్ అన్న మాటకు అర్థం ఈ ఏర్పాటులోనే స్థిరపడింది.

లినక్స్ ఈ చట్రంలో ఇమడలేదు. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన కెర్నెల్ ఎవరి సొత్తూ కాదు. దానికి సీ లైబ్రరీనీ, ఉపకరణాలనూ, ఇన్‌స్టాలర్‌నూ చేర్చి పంపిణీలు తయారుచేసేవారు అనేకులు. 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ పూర్తిగా స్వచ్ఛంద సేవకుల కృషి. రెడ్‌హ్యాట్, సూసె వంటివి కంపెనీలు. ఒక్కొక్కరి వద్ద ఒక్కొక్క వెర్షను లైబ్రరీలు, ఒక్కొక్క విడుదల తేదీ ఉండేవి.

1998 వేసవిలో ఒరాకిల్, ఇన్ఫార్మిక్స్ తమ డేటాబేస్‌లను లినక్స్ మీదికి తెస్తామని ప్రకటించాయి. ఆ ఏడాదే లినక్స్ కోసం ఒరాకిల్ 8.0.5 వెలువడింది. ఖరీదైన యూనిక్స్ యంత్రం లేకుండా మామూలు ఇంటెల్ కంప్యూటర్ మీద డేటాబేస్ నడపవచ్చునన్న ఆశ అప్పుడే మొదలైంది. దానితోపాటే తలనొప్పులూ మొదలయ్యాయి. ఒక వెర్షను జీలిబ్‌సీ లైబ్రరీతో తయారైన డేటాబేస్, రెడ్‌హ్యాట్ తరువాతి విడుదలలో కొత్త జీలిబ్‌సీ రాగానే ఇన్‌స్టాల్ కాకుండా మొండికేసేది. పాత లైబ్రరీలను వెదికి తెచ్చి పక్కన పెట్టడం, అదనపు ప్యాచ్‌లు వేయడం ఆనాటి నిర్వాహకుల నిత్యకృత్యం. ఆరేడు నెలలకొకసారి మారిపోయే పునాది మీద పదేళ్ళు నిలవవలసిన కట్టడం కట్టడం ఎలాగన్నదే అప్పటి సమస్య.

స్థిరత్వానికి ధర

ఈ సమస్యకు రెడ్‌హ్యాట్ 2002లో ఒక పరిష్కారం చూపింది. అడ్వాన్స్‌డ్ సర్వర్ పేరుతో వచ్చిన ఆ కొత్త ఉత్పత్తిలో కెర్నెల్, లైబ్రరీల వెర్షన్లు ఏళ్ళ తరబడి మారవు. భద్రతా లోపాల సవరణలను మాత్రం పాత వెర్షన్లలోకి వెనక్కి తెచ్చి అతికిస్తారు. ఒరాకిల్, డెల్ కంపెనీలు ఈ ప్రయత్నంలో భాగస్వాములయ్యాయి. అదే ఏడాది సూసె, కాల్డెరా, కనెక్టివా, టర్బోలినక్స్ కలిసి యునైటెడ్‌లినక్స్ అనే ఉమ్మడి పునాదిని ప్రకటించాయి. ఒరాకిల్ దానినీ గుర్తించింది. ఒరాకిల్ ఇంజినీర్లు కూడా లినక్స్‌కు తమ వంతు చేర్చారు. వారు రాసిన క్లస్టర్ ఫైల్ సిస్టమ్ రెండవ తరం 2006లో ప్రధాన కెర్నెల్‌లోనే చోటు సంపాదించింది.

వ్యాపారపరంగా దీని పర్యవసానం పెద్దది. 2003 మార్చిలో వచ్చిన రెడ్‌హ్యాట్ లినక్స్ 9 ఆ వరుసలో చివరిది. 2004 ఏప్రిల్ 30తో దానికి సవరణలు ఆగిపోయాయి. ఉచితంగా దొరికే మార్గం ఫెడోరా అయింది, నిలకడగా ఉండే మార్గం చందా కట్టవలసిన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ అయింది. డేటాబేస్ కంపెనీల జాబితాలో ఈ రెండవదానికే చోటు. అంతవరకు అందరికీ అందిన స్థిరత్వం ఒక సరుకుగా మారింది.

ఒకే గర్భంలోని కవలలు

అయితే రెడ్‌హ్యాట్ అమ్ముతున్నదాని మూలసంకేతంలో ఎక్కువ భాగం జీపీఎల్ వంటి స్వేచ్ఛా లైసెన్సుల కింద ఉన్నదే. ఆ కాలంలో కంపెనీ తన సోర్స్ ప్యాకేజీలను అందరికీ అందుబాటులో ఉంచింది. వాటిని తీసుకొని, రెడ్‌హ్యాట్ పేరునూ ముద్రనూ తొలగించి, మళ్ళీ కంపైల్ చేస్తే అదే వ్యవస్థ చందా లేకుండా చేతికి వస్తుంది. ఇలాంటి తొలి ప్రయత్నాలలో వైట్‌బాక్స్ లినక్స్ ఒకటి. దాని పుట్టిల్లు అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక స్థానిక గ్రంథాలయం. 2004లో వచ్చిన సెంట్‌ఓఎస్ వీటన్నిటినీ మించి వ్యాపించింది. రెడ్‌హ్యాట్ న్యాయవాదుల అభ్యంతరం తరువాత ఆ ప్రాజెక్టువారు మాతృసంస్థ పేరు ఎత్తకుండా ‘ఉత్తర అమెరికాకు చెందిన ఒక ప్రముఖ లినక్స్ కంపెనీ’ అన్న అర్థంలో రాసేవారు. వంశం చెప్పుకోగలరు, పేరు చెప్పుకోలేరు.

అదే 2004లో అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాల, ఐరోపాలోని సర్న్ కలిసి సైంటిఫిక్ లినక్స్‌ను ఇదే పద్ధతిలో తయారుచేశాయి. భౌతిక శాస్త్రవేత్తల వేలాది కంప్యూటర్లు దానిమీద నడిచాయి. సర్న్ ఒరాకిల్‌ను కూడా విరివిగా వాడిన సంస్థ. హాడ్రాన్ కొలైడర్ ప్రయోగాలకు సంబంధించిన ఒరాకిల్ క్లస్టర్లను మాత్రం అది రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ మీదనే నడిపింది. సొంతంగా లినక్స్ తయారుచేసుకోగల నైపుణ్యం ఉన్న చోట కూడా డేటాబేస్ దగ్గరకు వచ్చేసరికి జాబితాలో ఉన్న పేరే కావలసి వచ్చింది. సర్టిఫికేషన్ ప్రశ్న వినియోగదారు తెలివితేటలకు సంబంధించినది కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సర్టిఫికేషన్‌లో ఏముంది?

ఒరాకిల్ ఇన్‌స్టాలర్ పని మొదలుపెట్టగానే కంప్యూటర్‌లో ఏ పంపిణీ ఉన్నదో చూసుకుంటుంది. వెర్షను పేరు ఉండే ఒక చిన్న ఫైలును చదివి, తన జాబితాతో పోల్చుకుంటుంది. సెంట్‌ఓఎస్ వాడేవారు ఆ ఫైలులో రెడ్‌హ్యాట్ పేరు రాసేవారు, లేదా పరీక్షలను దాటవేయమని ఇన్‌స్టాలర్‌కు ఆదేశమిచ్చేవారు. ఆ తరువాత ఇన్‌స్టలేషన్ సాధారణంగా సాఫీగానే సాగిపోయేది. డేటాబేస్ లేచేది, ఏళ్ళ తరబడి నడిచేది. డెబియన్ మీద కొంచెం ఎక్కువ శ్రమ పడవలసి వచ్చేది. లైబ్రరీల పేర్లు, అవి ఉండే చోట్లు వేరు కాబట్టి లింకులు పెట్టుకోవాలి, ప్యాకేజీల పేర్లను ఒకటొకటిగా పోల్చుకోవాలి. అదీ అసాధ్యమేమీ కాదు.

అమ్మకందారు భయంలో పస లేకపోలేదు. యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో ఒరాకిల్ పూర్తిగా సిద్ధమైన రూపంలో రాదు. ఇన్‌స్టలేషన్ సమయంలో దాని భాగాలను వినియోగదారు కంప్యూటర్‌లోని లింకర్‌తో, అక్కడి లైబ్రరీలతో కలిపి తుది ప్రోగ్రాంను తయారుచేస్తారు. అంటే తుది ఉత్పత్తిలో కొంత భాగం కంపెనీ గోడల మధ్య కాక వినియోగదారు గదిలో పుడుతుంది. దానికి తోడు అసింక్రొనస్ ఐఓ, పెద్ద మెమరీ పేజీలు, నెట్‌వర్క్ డ్రైవర్లు వంటి విషయాలలో డేటాబేస్ కెర్నెల్ మీద గట్టిగా ఆధారపడుతుంది. కెర్నెల్‌లో ఒక చిన్న తేడా డేటా బ్లాకు పాడయ్యేందుకు దారితీస్తే, ఆ నష్టం బయటపడడానికి నెలలు పట్టవచ్చు.

జాబితాలో లేని వ్యవస్థ మీద లోపం వచ్చినప్పుడు సాధారణంగా వచ్చే జవాబు ఒకటే. అదే లోపాన్ని జాబితాలో ఉన్న వ్యవస్థ మీద మళ్ళీ చూపండి, అప్పుడు పరిశీలిస్తాం. వీఎంవేర్ వర్చువల్ యంత్రాల విషయంలోనూ ఒరాకిల్ చాలా కాలం ఇదే ధోరణి పాటించింది. అంతకుముందే తెలిసిన లోపమైతే పరిష్కారం చెబుతుంది, కొత్తదైతే అది వీఎంవేర్ వల్ల వచ్చినది కాదని వినియోగదారే నిరూపించుకోవాలి. ఇది సపోర్ట్‌ను పూర్తిగా నిరాకరించడం కాదు. నిరూపణ భారాన్ని వినియోగదారు భుజాలకు మార్చడం. అర్ధరాత్రి బ్యాంకు లావాదేవీలు ఆగిపోయిన వేళ రెండో కంప్యూటర్ తెచ్చి, వేరే పంపిణీ వేసి, లోపాన్ని మళ్ళీ పుట్టించడం ఎంత తీరిక గల పనో అనుభవజ్ఞులకు చెప్పనక్కరలేదు.

సముదాయాల పక్షాన మరొక బలహీనత కూడా ఉన్నది. 2009 జూలైలో సెంట్‌ఓఎస్ డెవలపర్లు ఒక బహిరంగ లేఖ ప్రచురించారు. ప్రాజెక్టు వ్యవస్థాపకులలో ఒకరు చాలాకాలంగా అందుబాటులో లేరనీ, డొమైన్ పేరు, విరాళాల ఖాతా ఆయన చేతిలోనే ఉన్నాయనీ దాని సారాంశం. కొద్ది రోజులలోనే సమస్య సర్దుకున్నది. తరువాత రెడ్‌హ్యాట్ 2010 నవంబరులో ఆరవ వెర్షను విడుదల చేస్తే, సెంట్‌ఓఎస్ 6 రావడానికి 2011 జూలై వరకు, అంటే ఎనిమిది నెలలు పట్టింది. సమర్థులైన మనుషులు ఉన్నారు, మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నది. కానీ ఫలానా తేదీకి ఫలానా సవరణ ఇస్తామని కాగితం మీద సంతకం పెట్టే అధికారం గలవారెవరూ లేరు. డేటాబేస్ కంపెనీ ఒప్పందం కుదుర్చుకోవాలనుకున్నా అవతలి పక్షం ఖాళీగా ఉన్నది.

2006: ఒకే ఏడాది మూడు సంఘటనలు

ఈ కథలో 2006 కీలకమైన సంవత్సరం. ఆ ఏడాది తొలి నెలల్లో ఒరాకిల్ తన డేటాబేస్‌కు 10జీ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ అనే ఉచిత రూపాన్ని విడుదల చేసింది. ఒక ప్రాసెసర్, 1 జీబీ మెమరీ, 4 జీబీ డేటా దాని పరిమితులు. ఆశ్చర్యకరమైన సంగతేమిటంటే, దానికి ఆర్‌పీఎం ప్యాకేజీతోపాటు డెబియన్ ప్యాకేజీ కూడా ఇచ్చారు. డెబియన్ మీద ఒరాకిల్ చక్కగా ఇన్‌స్టాల్ కాగలదని ఒరాకిలే చేసి చూపినట్లయింది. అయితే ఉచిత రూపం కాబట్టి దానికి సపోర్ట్ హామీ లేదు. హామీ అక్కరలేనప్పుడు డెబియన్ పనికివచ్చింది. 2011లో వచ్చిన తరువాతి ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో డెబియన్ ప్యాకేజీ కనిపించలేదు.

రెండవది, ఆగస్టులో హెచ్‌పీ చేసిన ప్రకటన. తన ప్రోలయంట్ సర్వర్ల మీద డెబియన్‌కు సపోర్ట్ ఇస్తామని ఆ కంపెనీ తెలిపింది. పూర్తిగా సముదాయం తయారుచేసిన పంపిణీకి ఒక పెద్ద యంత్రాల కంపెనీ తన సంతకం అరువిచ్చిన సందర్భం ఇది. అవతల కంపెనీ లేకపోయినా, తలచుకుంటే ఒక వాణిజ్య సంస్థ ఆ బాధ్యతను తానే మోయగలదని దీనివల్ల తేలింది.

మూడవది అన్నిటికంటే పెద్దది. అక్టోబరు 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓపెన్‌వరల్డ్ వేదిక మీద లారీ ఎలిసన్, రెడ్‌హ్యాట్ లినక్స్‌కు ఇకపై ఒరాకిల్ తానే సపోర్ట్ ఇస్తుందని ప్రకటించారు. సవరణలు మాత్రమే కావాలంటే యంత్రానికి ఏడాదికి 99 డాలర్లు, రెండు ప్రాసెసర్ల వరకు ప్రాథమిక సపోర్ట్‌కు 399 డాలర్లు. మరునాడు రెడ్‌హ్యాట్ షేరు ధర సుమారు పాతిక శాతం పడిపోయింది. దీనితోపాటు వచ్చిన ఒరాకిల్ లినక్స్, సెంట్‌ఓఎస్ తయారైన పద్ధతిలోనే తయారైనది. అవే సోర్స్ ప్యాకేజీలు, అదే పేరు తొలగింపు, అదే పునఃసంకలనం.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రెండు పంపిణీలూ ఒకే మూలం నుంచి పుట్టినవే. అందులో ఒకటి సర్టిఫికేషన్ జాబితా తలమీదికి చేరింది, రెండవది జాబితా బయటే ఉండిపోయింది. పునఃసంకలనం చేస్తే నాణ్యత పోతుందన్నది కారణమైతే ఒరాకిల్ లినక్స్ కూడా బయటే ఉండాలి. దాన్ని లోపలికి తెచ్చినది జవాబు చెప్పే పక్షం ఒకటి ఉండడమే. ఒరాకిల్ ఈ బాటలో ఇంకా ముందుకు వెళ్ళింది. 2010లో తన సొంత కెర్నెల్‌ను జతచేసింది. 2012లో ఒరాకిల్ లినక్స్ సవరణలను అందరికీ ఉచితం చేసి, సెంట్‌ఓఎస్ నుంచి తన పంపిణీకి మారడానికి ఒక స్క్రిప్టును కూడా అందించింది. సముదాయ పంపిణీని వాడేవారి ప్రధాన వాదన ఖర్చు కాబట్టి, ఆ వాదననే తన వైపు తిప్పుకున్నది.

మస్కట్ నుంచి చూస్తే

ఈ ఒప్పందాలన్నీ కాలిఫోర్నియా, నార్త్ కెరొలైనాలలో రాసుకున్నవి. వాటి బరువు మోసినవారు మాత్రం ప్రపంచమంతటా ఉన్నారు. ఒమన్ అందుకు ఒక మంచి ఉదాహరణ. 2006లోనే ఆ దేశంలో రాజశాసనం ద్వారా సమాచార సాంకేతిక ప్రాధికార సంస్థ ఏర్పడింది. ప్రభుత్వ సేవలను కంప్యూటరీకరించే ఈ-ఒమన్ ప్రణాళిక దాని చేతికి వచ్చింది. 2010లో జాతీయ సైబర్ భద్రతా కేంద్రం మొదలైంది. మరోవైపు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఆసక్తి కూడా పెరిగింది. సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో 2013లోనూ 2015లోనూ మస్కట్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సదస్సులు జరిగాయి. ఒకే నగరంలో ఒకవైపు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ప్రోత్సాహం, మరొకవైపు భద్రతా సవరణలు వేళకు అందుతాయన్న హామీ కోసం ఒత్తిడి. సముదాయ లినక్స్ మీద వాణిజ్య డేటాబేస్ అన్న ప్రశ్న సరిగ్గా ఈ రెండింటి మధ్య నిలుస్తుంది.

దూరమున్న చోట సపోర్ట్ విలువ ఇంకా పెరుగుతుంది. మస్కట్‌కూ కాలిఫోర్నియాకూ మధ్య వేసవిలో 11 గంటలు, చలికాలంలో 12 గంటల తేడా. 2013 మే 1 వరకు ఒమన్ ప్రభుత్వ కార్యాలయాలకు వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిచేసే పాశ్చాత్య కార్యాలయాలతో ఉమ్మడిగా దొరికే పనిదినాలు మూడే. శుక్ర, శనివారాలకు మారిన తరువాత అవి నాలుగయ్యాయి. మస్కట్‌లో శనివారం ఉదయం ఎనిమిదింటికి వారం మొదలయ్యే రోజుల్లో, కాలిఫోర్నియాలో అప్పటికి శుక్రవారం రాత్రి. ఉత్పాదక వ్యవస్థ పూర్తిగా ఆగిపోయినప్పుడు రాత్రింబవళ్ళు పనిచేసే సపోర్ట్ ఉన్నది నిజమే. అయితే అది జాబితాలో ఉన్న వ్యవస్థలకే నిక్కచ్చిగా వర్తిస్తుంది. జాబితా బయట ఉన్నవారికి మిగిలేది సొంత అనుభవం, సాటి వృత్తినిపుణుల సలహా.

ఈ వృత్తిలో తెలుగువారి పాత్ర చిన్నది కాదు. హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ కేంద్రాలలో ఒరాకిల్ డీబీఏ కోర్సు ఏళ్ళ తరబడి ఒక తరానికి ఉపాధి ద్వారంగా నిలిచింది. నేర్చుకోవడానికి డేటాబేస్‌ను ఉచితంగా దించుకోవచ్చు. చందా కట్టే స్తోమత లేని విద్యార్థికి సెంట్‌ఓఎస్ సహజమైన ఎంపిక. ఇన్‌స్టాలర్‌ను ఒప్పించే చిట్కాలు పాఠాలతోపాటే అలవడేవి. గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగంలో చేరాక ఆ చిట్కాల అర్థం మారిపోతుంది. ఇంట్లో అది నేర్పు, ఉత్పాదక సర్వర్ మీద అది సంస్థ కొన్న హామీని బలహీనపరిచే చర్య. నైపుణ్యం అదే, బాధ్యత వేరు.

కాగితానికీ సామర్థ్యానికీ ఉన్న ఈ దూరం ఒమన్‌లోని ప్రవాసులకు మరొక రూపంలో బాగా తెలిసినదే. యజమాని మారదలచిన విదేశీ ఉద్యోగికి పాత యజమాని అభ్యంతరం లేదంటూ ఇచ్చే పత్రం చాలాకాలం అవసరమయ్యేది. అది లేనివారు రెండేళ్ళపాటు ఆ దేశంలో కొత్త కొలువుకు రాలేని పరిస్థితి ఉండేది. 2021 జనవరి 1 నుంచి ఆ నిబంధన తొలగిపోయింది. పని వచ్చినంత మాత్రాన చాలదు, ఫలానావారు ఒప్పుకున్నారన్న సంతకం కావాలి. ఇలాంటి ఉద్యోగి సర్టిఫికేషన్ లేని వ్యవస్థను ఉత్పాదక స్థాయిలో పెట్టడానికి జంకితే దాన్ని పిరికితనం అనలేం. వ్యవస్థ కుప్పకూలితే అమ్మకందారు తప్పుకుంటాడు, సముదాయానికి చిరునామా లేదు, మిగిలేది ఆ నిర్వాహకుడి పేరు ఒక్కటే.

కాబట్టి ప్రపంచమంతటా ఒక మధ్యేమార్గం వాడుకలోకి వచ్చింది. అభ్యాసానికి, పరీక్షలకు, డెవలప్‌మెంట్‌కు సముదాయ పంపిణీ, ఉత్పాదక సర్వర్‌కు చందా గల పంపిణీ. రెండూ ఒకే కుదురువి కావడంవల్ల ఈ సర్దుబాటు సాధ్యమైంది. అయితే ఈ సర్దుబాటు ఎవరి దయమీద నిలిచి ఉన్నదో 2020 వరకు చాలామంది ఆలోచించలేదు.

డేటాబేస్‌నే మార్చితే?

జాబితాలో చోటు కోసం లినక్స్‌ను మార్చడం ఒక మార్గమైతే, లినక్స్‌ను ఉంచుకొని డేటాబేస్‌ను మార్చడం రెండవ మార్గం. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 1986లో మొదలైన పరిశోధన నుంచి వచ్చిన పోస్ట్‌గ్రెస్, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పేరు తీసుకున్నది. దాని మూలసంకేతం ఎవరైనా చదవవచ్చు, కాబట్టి దానికి సపోర్ట్ ఇచ్చే హక్కు ఏ ఒక్క కంపెనీ గుత్తసొత్తూ కాదు. డెబియన్ మీద దానికి సపోర్ట్ అమ్మే సంస్థలు అనేకం. ఒకటి కాదంటే మరొక దాని దగ్గరకు వెళ్ళవచ్చు. ఒరాకిల్ 2010లో సన్ కంపెనీని కొన్నప్పుడు దాని వెంట వచ్చిన మైఎస్‌క్యూఎల్ పరిస్థితి ఇంకా ఆసక్తికరం. మైఎస్‌క్యూఎల్ సపోర్ట్ జాబితాలో డెబియన్ ఉన్నది. ఒకే కంపెనీ ఒక డేటాబేస్‌కు డెబియన్ మీద హామీ ఇస్తుంది, మరొక డేటాబేస్‌కు ఇవ్వదు. డెబియన్ నమ్మదగినది కాదన్న వాదన దీనితో నిలవదు. మైఎస్‌క్యూఎల్ వాడేవారిలో డెబియన్ వాడకందార్లు ఎక్కువ కాబట్టి అక్కడ ఆ హామీకి గిరాకీ ఉన్నది. 2017లో లినక్స్ మీదికి వచ్చిన మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా రెడ్‌హ్యాట్, సూసె, ఉబుంటులనే ఎంచుకున్నది. డెబియన్ నుంచి పుట్టిన ఉబుంటుకు చోటు దొరికింది, వెనుక కెనానికల్ కంపెనీ ఉన్నది కాబట్టి.

మన దేశంలోనూ సముదాయ లినక్స్‌కు ఒక చరిత్ర ఉన్నది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ విద్యార్థులను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను కూడగట్టి తెలుగులో లినక్స్ పంపిణీని తయారుచేసింది. సీడాక్ 2007లో విడుదల చేసిన బాస్ లినక్స్‌కు పునాది డెబియన్. 2015లో కేంద్ర ప్రభుత్వం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని, దాన్ని పక్కన పెడితే కారణం చెప్పాలని విధాన ప్రకటన చేసింది. ఇవి భాషకూ, విద్యకూ, ప్రజాధనానికీ సంబంధించిన ప్రయత్నాలు. వాణిజ్య డేటాబేస్ జాబితాలో చేరడం వాటి లక్ష్యం కాదు. కానీ సర్వర్ గదిలో వాణిజ్య డేటాబేస్ ఉన్నంతకాలం ఆ గదిలో ఏ లినక్స్ ఉండాలో నిర్ణయించేది విధాన పత్రం కాదు, ఆ జాబితాయే.

2020 డిసెంబరు 8

2014 జనవరిలో రెడ్‌హ్యాట్ సెంట్‌ఓఎస్‌ను తన నీడలోకి తీసుకున్నది. ప్రధాన డెవలపర్లకు జీతాలు వచ్చాయి, ట్రేడ్‌మార్క్ కంపెనీ చేతికి వెళ్ళింది. సముదాయానికి లేని సంతకం ఇప్పుడు దొరికిందని చాలామంది సంతోషించారు. ఆ సంతకం ఎవరిదో ఏడేళ్ళ తరువాత తెలిసింది. 2029 వరకు సవరణలు అందుతాయని అందరూ నమ్మిన సెంట్‌ఓఎస్ 8, 2021 డిసెంబరు 31తోనే ఆగిపోతుందని 2020 డిసెంబరు 8న ప్రకటన వెలువడింది. దాని స్థానంలో మిగిలే సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ రెడ్‌హ్యాట్ తరువాతి విడుదలకు ముందు నడిచే రూపం, ప్రతిరూపం కాదు. ఏడవ వెర్షను 2024 జూన్ 30 వరకు సాగింది.

ఈసారి సముదాయం నేర్చుకున్న పాఠం సాంకేతికమైనది కాదు, సంస్థాగతమైనది. సెంట్‌ఓఎస్ తొలినాళ్ళలో భాగస్వామి అయిన గ్రెగరీ కర్ట్జర్ రాకీ లినక్స్‌ను ప్రారంభించారు. క్లౌడ్‌లినక్స్ కంపెనీ చొరవతో 2021 మార్చిలో అల్మాలినక్స్ వచ్చింది. రెండింటికీ మొదటినుంచే చట్టబద్ధమైన సంస్థలు ఏర్పడ్డాయి. పక్కన డబ్బు తీసుకొని సపోర్ట్ ఇచ్చే కంపెనీలూ వచ్చాయి. ఒప్పందంలో అవతలి పక్షం ఖాళీగా ఉన్నదన్న పాత లోటు ఈ విధంగా కొంత తీరింది.

2023 జూన్‌లో రెడ్‌హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ మూలసంకేతాన్ని బహిరంగంగా ఉంచడం మానేసింది. ఇకపై అది చందాదారులకే, మిగిలినవారికి స్ట్రీమ్ మాత్రమే. అల్మాలినక్స్ అచ్చమైన ప్రతిరూపం కావాలన్న పట్టు వదిలి, ప్రోగ్రాంలు మార్పులేకుండా నడిచేంత సామ్యం చాలునన్నది. ఆగస్టులో రాకీ వెనుక ఉన్న సీఐక్యూ, సూసె, ఒరాకిల్ కలిసి ఓపెన్‌ఈఎల్‌ఏ అనే సంఘాన్ని ప్రకటించాయి. సెంట్‌ఓఎస్ మీద తన డేటాబేస్‌కు హామీ ఇవ్వని కంపెనీయే, ఇప్పుడు మూలసంకేతం అందరికీ అందాలన్న పక్షాన నిలిచింది. ఒరాకిల్ లినక్స్ కూడా ఆ మూలసంకేతం మీదనే బతుకుతుంది కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

అయినా జాబితా మారలేదు. 2019లో వచ్చి, దీర్ఘకాలిక సపోర్ట్ గల 19సీ డేటాబేస్ జాబితాలోని పేర్లు మూడే: ఒరాకిల్ లినక్స్, రెడ్‌హ్యాట్, సూసె. సముదాయాలకు చట్టబద్ధమైన చిరునామా వచ్చినంత మాత్రాన డేటాబేస్ కంపెనీ అక్కడికి ఉత్తరం రాయవలసిన అవసరం ఏమీ లేదు. పైగా ఆ డేటాబేస్ కంపెనీయే స్వయంగా ఒక లినక్స్ అమ్ముతున్నప్పుడు పోటీదారులకు చోటివ్వడానికి అది తొందరపడదు.

ఈ పాతికేళ్ళ చరిత్ర చూస్తే సర్టిఫికేషన్ అనేది ఒక సాఫ్ట్‌వేర్ గుణగణాలకు ఇచ్చే మార్కులు కాదని అర్థమవుతుంది. నష్టం వచ్చినప్పుడు దాన్ని ఎవరు భరించాలో ముందుగా రాసుకున్న ఒప్పందం అది. ఆ ఒప్పందంలో సముదాయానికి చోటు దొరికిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ బాధ్యతను తలకెత్తుకున్నారు: డెబియన్‌కు హెచ్‌పీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు దాని సేవా సంస్థలు. అలా ఎత్తుకునేవారు లేని చోట ఆ భారం ఇన్‌స్టాలర్‌ను ఒప్పించిన ఉద్యోగి మీద, చాలాసార్లు అతనికి తెలియకుండానే, వచ్చి పడింది. మస్కట్‌లోనైనా, డాలస్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా కొత్త సర్వర్‌కు పంపిణీని ఎంచేటప్పుడు, అది నడుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ నడుస్తుందనే. ఆగిపోయిన నాడు ఎవరు బదులు చెబుతారన్న ప్రశ్నకు జవాబును కొనుగోలు పత్రం మీద రాతపూర్వకంగా, యజమాని సంతకంతో సహా పెట్టించుకోవడం ఆ ఉద్యోగికి ఈ చరిత్ర ఇచ్చే సలహా.